తీసేస్తే ఏమవుతుంది?
చైనా ఆకాశహర్మ్యాలు, మన గోపురం, సీమ మిద్దె



మా సారు పేరు ఈ సభ ఆహ్వానపత్రం మీద ఉంది. ఈ గంటసేపూ నేను మాత్రం ఆయనను సారు అనే అంటాను. కడప, కర్నూలు జిల్లాల్లో ఏళ్ళ తరబడి డిప్లొమా పిల్లలకు బిల్డింగ్ డ్రాయింగ్ చెప్పిన ఆ మనిషిని మాలో ఎవరమూ పేరుతో పిలిచి ఎరగం.

మొదటి సంవత్సరంలోనే ఆయన మమ్మల్ని ఒంటిమిట్ట కోదండరామాలయానికి తీసుకుపోయినారు. ముప్పై మందిమి, ఒక టేపు. రంగమంటపంలో ఒక స్తంభం చూపించి, పొద్దు గూకేలోపల దీన్ని కాగితం మీద పెట్టండన్నారు. టేపు కొస నా చేతిలో ఉంది. మధ్యాహ్నానికి మాకు విసుగు పుట్టింది. యాళి కోరలు, తామర రేకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. సారు వచ్చి, స్తంభం తల మీద రెండు పక్కలకూ చేతులు చాచినట్టున్న బోదిగను చూపించి, "అబ్బీ, దీన్ని తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగారు.

"అందం పోతుంది సార్" అన్నాను.

"దూలం విరుగుతుంది" అన్నారాయన. కొయ్య వంగుతుంది, బరువు ఎక్కువైందని ముందే చెప్తుంది. రాయి వంగదు, ఒక్కసారిగా పుటుక్కుమంటుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య రాతి దూలం ఎంత పొడవు గాలిలో ఉండాలో, అంత పొడవును బోదిగ రెండు వైపుల నుంచీ తగ్గిస్తుంది. శిల్పి ముందు ఆ లెక్క వేసుకున్నాడు. దాని కొసకు పువ్వు వేలాడదీసింది తర్వాత. ఇదీ ఆ పూట ఆయన చెప్పిన పాఠం. నలభై ఏళ్ళుగా ఏ కట్టడం ముందు నిలబడినా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. ఈరోజు దాన్ని పట్టుకొని చైనా దాకా పోయి, తిరిగి మన పల్లెకు రావాలని నా ప్రయత్నం.

చైనాకే ఎందుకంటే, దానికి ఒక ఫోను కారణం. మా తర్వాతి బ్యాచ్‌లో చదివి కర్నూలులో ప్లాన్లు గీస్తున్న తమ్ముడొకాయన ఈ మధ్య ఫోను చేశాడు. ఒక యజమాని తన అపార్ట్‌మెంట్ ఎలివేషన్‌కు పైన గోపురం పెట్టమంటున్నాడట. ఇతను వద్దంటే, "చైనావాళ్ళు వంద అంతస్తుల మీద పగోడాలు పెట్టుకోలేదా? మనం గోపురం పెట్టుకుంటే నీకేం నొప్పి?" అన్నాడట. తమ్ముడికి జవాబు తోచలేదు. నాకూ అప్పటికప్పుడు తోచలేదు. అది మంచి ప్రశ్న. దానికి మర్యాదగా, వివరంగా జవాబు చెప్పాలి.

షాంఘైలో జిన్‌మావ్ టవర్ ఉంది. 88 అంతస్తులు, 420 మీటర్ల పైచిలుకు ఎత్తు, 1999లో పూర్తయింది. గీసింది చికాగోకు చెందిన స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థ. ప్రధాన వాస్తుశిల్పి ఏడ్రియన్ స్మిత్. తర్వాత దుబాయి బుర్జ్ ఖలీఫాకు రూపమిచ్చింది కూడా ఆయనే. జిన్‌మావ్‌ను దూరం నుంచి చూస్తే ఇటుక పగోడా ఉక్కులోకి మారి నిలబడినట్టుంటుంది. కింది భాగం 16 అంతస్తులు. పైకి పోయేకొద్దీ ఒక్కో భాగం పొట్టిదవుతుంది, కొంచెం లోపలికి జరుగుతుంది, అంచు దగ్గర చూరులాగా కాస్త ముందుకొస్తుంది. కొలతలన్నీ 8 అనే అంకె చుట్టూ తిరుగుతాయి. చైనాలో 8 కలిసొచ్చే అంకె. ఇంతవరకు విని, ఇది వట్టి నమ్మకమేగా అనుకోవచ్చు. కానీ లోపలికి పోయి చూడండి. నడిమధ్యన కాంక్రీటు గర్భం ఎనిమిది ముఖాలది. దాని చుట్టూ బయటి వైపున ఎనిమిది మహాస్తంభాలు. ఈ స్తంభాలనూ గర్భాన్నీ అక్కడక్కడా ఉక్కు చట్రాలతో బిగించి కట్టారు. భవనం నిలబడింది ఈ ఎనిమిదింటి మీదే. సారు ప్రశ్న వేసుకుందాం: ఆ ఎనిమిదిని తీసేస్తే? కూలిపోతుంది. అంచెలంచెలుగా లోపలికి జరిగిన ఆ పగోడా ఆకారాన్ని తీసేసి నిలువు పెట్టెలాగా కడితే? గాలి ఒక్క తీరుగా కొట్టి, భవనం ఊపు ఎక్కువవుతుంది. ప్రతి ఎత్తులో వెడల్పు మారుతుంటే గాలి సుడులు ఒక్కటిగా కూడబలుక్కోలేవు.

తైవాన్‌లో తైపే 101. సి.వై. లీ గీశారు. 508 మీటర్లు. 2004 చివరి రోజున తెరిచారు. 2010లో బుర్జ్ ఖలీఫా వచ్చేదాకా ప్రపంచంలో అదే ఎత్తయిన భవనం. కింద పాదపీఠం లాంటి భాగం, దాని మీద ఎనిమిదేసి అంతస్తుల గుత్తులు ఎనిమిది. ఒక్కో గుత్తి కింద సన్నంగా, పైకి విచ్చుకుంటూ ఉంటుంది. వెదురు కణుపు మీద కణుపులాగా కనపడుతుంది, పగోడా చూరు మీద చూరులాగా కూడా కనపడుతుంది. ఇక్కడ మన ప్రశ్నకు రెండు రకాల జవాబులొస్తాయి. గోడల మీద పాతకాలపు నాణేల ఆకారాలు, శుభసూచకమైన మేఘాల లాంటి మెలికలు పెట్టారు. వాటిని తీసేస్తే ఏమీ కాదు. భవనం మూలలను చూడండి. ముందు గీసిన సాదా చతురస్రపు మూలలతో గాలి సొరంగంలో పరీక్షించినప్పుడు గాలి తోపు మరీ ఎక్కువగా వచ్చింది. మూలలను మెట్లు మెట్లుగా లోపలికి కోసి మళ్ళీ పరీక్షిస్తే అది పావు వంతు దాకా తగ్గింది. ఆ కోతలను తీసేస్తే స్తంభాలు ఇంకా లావు కావాలి, ఉక్కు ఇంకా కావాలి. మన గుళ్ళ విమానాల గోడలు కూడా మూల మూలకూ మడతలు పడి లోపలికీ బయటికీ నడుస్తాయి. మన శిల్పి అది గాలి కోసం చేశాడని నేను అనను. ఆయనకు కావలసింది వెలుగు నీడల ఆట. పనులు వేరు, గీత ఒక్కటి.

తైపే 101లో 660 టన్నుల ఉక్కు గుండు ఒకటి పై అంతస్తుల మధ్య మోకులకు వేలాడుతుంటుంది. తుపాను గాలికి భవనం ఒక వైపు ఊగితే అది రెండో వైపు లాగుతుంది. ఇది పాత సంప్రదాయం కాదు, ఈ కాలపు ఇంజనీరింగు. కానీ దాన్ని దాచకుండా, చూడవచ్చినవాళ్ళకు కనపడేట్టు పెట్టడం నాకు నచ్చింది. కట్టడం తన పని తాను చూపించుకోవడం పాత మేస్త్రీల లక్షణమే.

ఇంకా పాతదొకటి ఉంది. నా మనసు ఎక్కువసేపు ఆగేది దాని దగ్గరే. చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో ఇంగ్‌షియెన్ అనే ఊళ్ళో పూర్తిగా కొయ్యతో కట్టిన పగోడా ఉంది. 1056లో కట్టారు. 67 మీటర్ల ఎత్తు. బయటి నుంచి చూస్తే అయిదు అంతస్తులే. లోపల తొమ్మిది. ప్రతి రెండు అంతస్తుల మధ్యా బయటికి కనపడని మరుగు అంతస్తు ఒకటి, అలాంటివి నాలుగు. ఆ నాలుగింటిలోనూ ఏటవాలు కట్టెలు బిగించి, నడుముకు వడ్డాణం పెట్టినట్టు మొత్తం చట్రాన్ని గట్టిపరిచారు. చూరు కింద మన బోదిగల లాంటి కొయ్య దిమ్మెల గుత్తులు. చైనావాళ్ళు వాటిని దౌగోంగ్ అంటారు. ఈ ఒక్క కట్టడంలోనే యాభైకి పైగా రకాలున్నాయి. భూకంపం వస్తే ఒక దిమ్మె మీద ఇంకొకటి కొంచెం కొంచెం జరిగి, రాసుకొని, ఊపును మింగేస్తాయి. దాదాపు వెయ్యేళ్ళుగా ఎన్నో భూకంపాలను తట్టుకొని అది నిలబడే ఉంది. ఇప్పుడు తైపే 101కు రండి. ఎనిమిది అంతస్తులకొకసారి యంత్రాలుండే అంతస్తులో ఉక్కు చట్రాలు స్తంభాలను నడుముకట్టు కట్టినట్టు బిగిస్తాయి. ఆకారంలో పోలిక ఎవరికైనా కనపడుతుంది. అసలు బంధుత్వం ఈ కనపడని అంతస్తుల్లో ఉందని నా అభిప్రాయం.

చైనాలో అందరూ ఇట్లా చేయలేదు. 1950లలో బీజింగులో ప్రభుత్వ కార్యాలయాల మీద నిషిద్ధ నగరం తరహాలో పెద్ద పెద్ద వంపు కప్పులు పెట్టారు. కింద ఉన్నది మామూలు కార్యాలయపు పెట్టె. దండగ ఖర్చని 1955లో వాళ్ళ ప్రభుత్వమే మండిపడింది. 1990లలో మళ్ళీ అదే మోజు వచ్చింది. పాత రాజధాని కళ తిరిగి రావాలని ఎత్తయిన భవనాల తల మీద మంటపాలు పెట్టించారు. 1996లో తెరిచిన బీజింగ్ పశ్చిమ రైల్వే స్టేషన్ నెత్తి మీద ఒక మంటపం కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేస్తే ఏమవుతుంది? రైళ్ళు వేళకే వస్తాయి. ప్రయాణికుడికి నీడ తగ్గదు. కింది స్తంభాలకు బరువు తగ్గుతుంది. కర్నూలు యజమానికి నా జవాబులో సగం ఇదే: ఆయన చూసి ముచ్చటపడ్డ చైనా ఒక్కటి కాదు, రెండు. పగోడా నడకను పట్టుకున్న చైనా ఒకటి, పగోడాను టోపీగా పెట్టుకున్న చైనా ఇంకొకటి.

మిగతా సగం జవాబు కోసం మన ఇంటికి రావాలి. ఎందుకంటే పగోడా పుట్టిల్లు ఇటువైపే.

స్తూపం మనది. బౌద్ధంతో పాటు అది మధ్య ఆసియా దారిన చైనా చేరింది. అక్కడ అప్పటికే ఉన్న అంతస్తుల కొయ్య బురుజు మీదికి ఎక్కింది. ఈనాటికీ ఏ పగోడా కొస చూసినా ఒక చిన్న అండం, దాని మీద వరసగా ఛత్రాల లాంటి చక్రాలు కనపడతాయి. ఆ కొస ఒక్కటీ మన స్తూపానికి చిన్న ప్రతి. మన సీమ ఆ కథకు బయట లేదు. పత్తికొండ వైపు ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఒక దానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ, ఎద్దులు మడక తిరిగినట్టు నడుస్తాయి. నందలూరు దగ్గర చెయ్యేటి ఒడ్డున బౌద్ధుల ఆనవాళ్ళున్నాయి.

అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ దక్షిణాపథంలో ఒక అయిదంతస్తుల విహారం ఉందని రాశాడు. ఒకే కొండను తొలిచి చేసిందట. కింది అంతస్తు ఏనుగు ఆకారం, 500 గదులు. రెండోది సింహం, 400. మూడోది గుర్రం, 300. నాలుగోది ఎద్దు, 200. పైది పావురం, 100. పైన ఊట నీరు పుట్టి, గది గదినీ చుట్టుకుంటూ కిందికి దిగుతుందట. దారులు కష్టమని ఆయన అక్కడికి పోలేదు, విన్నది రాసుకున్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ కూడా అలాంటి అయిదంతస్తుల విహారాన్నే చెప్పి, శాతవాహన రాజు నాగార్జునుడి కోసం కట్టించాడన్నాడు. కొందరు పండితులు దాన్ని శ్రీపర్వతంతో ముడిపెట్టారు. కొందరు ఒప్పుకోలేదు. ఎక్కడుందన్నది తేలని సంగతి. నాకు ముఖ్యమైంది ఆ లెక్క: 500, 400, 300, 200, 100. పైకి పోయేకొద్దీ తగ్గే వరస, పై నుంచి కిందికి దిగే నీళ్ళు. చైనా యాత్రికుడి చెవికి ఎక్కి, ఆయన పుస్తకంలో నిలిచిపోయిన కట్టడం మన దక్కనుది. ఆ హ్యూయన్‌త్సాంగే ధాన్యకటకం చూసి, ఇంటికి తిరిగిపోయి, తాను మోసుకుపోయిన గ్రంథాల కోసం 652లో చాంగాన్ నగరంలో ఇటుక పగోడా కట్టించాడు. ఇటుకలు తాను కూడా మోశాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆ పగోడా అనేక మార్పులతో ఇప్పటికీ ఉంది.

మాట వాడుక కూడా ఇటు నుంచి అటు పోయిందే. పగోడా అన్న పదం ఎక్కడ పుట్టిందో పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. అయితే పోర్చుగీసులు, ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్ళు మన గుళ్ళనే ముందు పగోడాలన్నారు. మన వరహా నాణేన్ని కూడా కుంపిణీ లెక్కల్లో పగోడా అనే రాసుకున్నారు. 1652లో మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఒంటిమిట్ట గుడిని చూసి మెచ్చుకున్నాడు. ఆయన భాషలో ఒంటిమిట్ట ఒక పగోడానే.

మరి గోపురం ఏమిటి? ఒంటిమిట్ట గోపురాన్ని ఈసారి నిలబడి చూడండి. ప్రతి అంతస్తులోనూ చిన్న చిన్న ఇళ్ళ వరస కనపడుతుంది. చతురస్రపు ఇంటిని కూటం అంటారు. బండి గూడు లాంటి వంపు కప్పుతో పొడుగ్గా ఉంటే శాల. రెండింటి మధ్య ఇరుకైనది పంజరం. వెదురు వంచి గడ్డి కప్పిన కొట్టాల ఆకారాలే ఇవి. కొయ్య పోయి రాయి వచ్చినా, రాయి పోయి ఇటుక వచ్చినా శిల్పి ఆ కొట్టాన్ని మరిచిపోలేదు. ఇళ్ళ మీద ఇళ్ళు పేర్చుకుంటూ పోయి, వాటన్నిటి మీద ఒకే పెద్ద శాలను కప్పాడు. బహుళ అంతస్తుల భవనమనే ఊహ ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడుంది?

అయితే దాని పని లోపల ఉంది. వాకిలి ఎత్తు దాకా రాయి. ఆ పైన ఇటుకా సున్నమూ. లోపల అంతా డొల్ల, అడ్డంగా దూలాలు, అంతస్తు అంతస్తుకూ నడిమధ్యన గాలికీ వెలుగుకూ ఒక వాకిలి. పైకి పోయేకొద్దీ బరువు తగ్గాలి, లేకుంటే కింది వాకిలి మీది రాతి దూలం ఓర్చుకోలేదు. గోపురం ఆకారం ఆ బరువు లెక్కకు బయటి రూపం. కర్నూలు యజమాని అడుగుతున్నది అయిదంతస్తుల ఆర్‌సీసీ పెట్టె తల మీద, కింది నుంచి ఏ సంబంధమూ లేకుండా, సిమెంటు బొమ్మలు పోసిన ఒక గోపురం. తీసేస్తే ఏమవుతుంది? టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకుకు చోటు దొరుకుతుంది. ఆయన భక్తిని నేను తక్కువ చేయను. ఆ భక్తికి తగిన గౌరవం ఇవ్వాలంటే గోపురం నడకను భవనం మొదటి అంతస్తు నుంచే పట్టుకోవాలి. పైకి పోయేకొద్దీ తగ్గాలి, ప్రతి అంతస్తుకూ చూరు నీడ ఉండాలి, నడిమధ్య నుంచి గాలి ఆడాలి. అప్పుడు పైన కలశం పెట్టినా పెట్టకపోయినా అది గోపురం బిడ్డే.

ఈ నడకను చైనావాళ్ళు ఎట్లా తిరిగి నేర్చుకున్నారో చెప్పాలి. ఇక్కడున్న సివిల్ విద్యార్థులు ముఖ్యంగా ఇది వినాలి. 1103లో అక్కడ ఇంగ్‌జావ్ ఫాషీ అనే కట్టుబడి గ్రంథం అచ్చయింది. రాసినవాడు లీ జియె అనే అధికారి. దౌగోంగ్ చేతి మందాన్ని కొలతగా తీసుకొని, దాన్ని ఎనిమిది తరగతులుగా విభజించి, భవనంలో ప్రతి కొయ్య పరిమాణాన్నీ అందులో నుంచే రాబట్టాడు. తర్వాత శతాబ్దాల్లో దాన్ని చదివి అర్థం చేసుకొనేవాళ్ళు లేకుండా పోయారు. 1925లో, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లియాంగ్ సిచెంగ్ అనే యువకుడికి తండ్రి ఆ గ్రంథం ప్రతిని పంపాడు. యువకుడికి అందులో ఒక్క పుట కూడా బోధపడలేదు. దేశానికి తిరిగి వచ్చాక, రాజప్రాసాదాల్లో పని చేసిన ముసలి వడ్రంగుల దగ్గర కూర్చొని, ముందు వాళ్ళ మాటలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత భార్య లిన్ హుయిన్‌తో కలిసి కంచరగాడిదల మీద ఊరూరూ తిరిగి, దూలాలు ఎక్కి, గబ్బిలాల మధ్య కూర్చొని కొలతలు తీశాడు. 1937లో వూతాయ్ కొండల్లో 857 నాటి కొయ్య గుడిని గుర్తించారు. దూలం మీది మసి కింద సిరా రాతను మొదట కనిపెట్టింది ఆమే. కొడుకు పుట్టినప్పుడు ఆ దంపతులు లీ జియె అడుగుజాడల్లో నడిచేవాడు అనే అర్థం వచ్చేట్టు పేరు పెట్టుకున్నారు. ఇంత కొలిచిన తర్వాతే చైనాలో పాత కట్టడం మాట్లాడే భాష కొత్త కట్టేవాళ్ళకు అందింది.

మనకూ ఒకాయన ఉన్నాడు. లియాంగ్ కంటే వందేళ్ళు ముందు. తంజావూరులో పుట్టి బెంగుళూరులో న్యాయాధికారిగా పని చేసిన రామరాజు. మానసారం లాంటి శిల్పశాస్త్ర గ్రంథాలను వెతికి పట్టుకొని, వాటిలో సంస్కృతం తెలిసిన పండితుడికి శిల్పం తెలియక, శిల్పం తెలిసిన మేస్త్రీకి సంస్కృతం తెలియక పడిన ఇబ్బందిని గమనించి, ఒక శిల్పిని పక్కన కూర్చోబెట్టుకొని అర్థం రాబట్టాడు. ఆయన పోయిన తర్వాత 1834లో లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఆయన రాసిన గ్రంథాన్ని అచ్చు వేసింది. ఆయన తర్వాత మన గుళ్ళను కొలిచినవాళ్ళు చాలామందే ఉన్నారు. మన ఇళ్ళను కొలిచినవాళ్ళు ఎంతమంది?

రాజధాని అమరావతి సంగతి అడుగుతారని తెలుసు. అక్కడి ప్రభుత్వ భవనాలకు లండన్‌లోని ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ నమూనాలు చేశారు. హైకోర్టు నమూనాలో కప్పు మెట్లు మెట్లుగా స్తూపాన్ని తలపిస్తూ పైకి లేస్తుంది. చూరులు బాగా ముందుకొచ్చి గోడకు నీడ ఇస్తాయి. గదులూ నడవలూ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా, బయట జనం తిరిగే చోట్లు, లోపలికి పోయేకొద్దీ ఏకాంతం. ఇందులో స్తూపం పోలికను తీసేస్తే నీడ కూడా పోతుంది. అందుకని నాకది నచ్చింది. శాసనసభ మీద గీసిన 250 మీటర్ల శిఖరానికి దూరం నుంచి గుర్తుపట్టించే పని తప్ప ఇంకో పని ఉన్నట్టు నాకు అనిపించలేదు. రాజధానికి గుర్తు అవసరమే అనేవాళ్ళతో నేను తగవు పెట్టుకోను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో గుడారాల కింద మొదలైంది. ఆ గుడారాల్లో కూడా పాలన జరిగింది.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మాది మైలవరం పక్క పల్లె. మా జేజినాయన కట్టిన తొట్టిమిద్దె ఉండేది. రెండు మూరల మందం రాతి గోడలు, మట్టి అడుసు. దూలాల మీద దంతెలనే అడ్డకొయ్యలు, దంతెల మీద బండలు, వాటి మీద జానెడుకు మించి మన్ను, పైన చౌడు మన్ను. ప్రతి ఏడూ వానలకు ముందు మా నాయన కొత్త చౌడు తోలించి పరిచేవాడు. కిటికీలు చిన్నవి. నడిమింట్లో నెత్తిన గవాచి, అంటే గాలికీ వెలుగుకూ కప్పులో వదిలిన కంత. వాకిలి ముందు జగిలి (అరుగు) మీద నల్లటి కడప బండలు. నేను డిప్లొమా పూర్తి చేసి, కువైట్ పోయి, సైట్ ఇంజనీరుగా నాలుగు దినార్లు వెనకేసుకోగానే చేసిన మొదటి పని ఆ మిద్దెను పడగొట్టించడం. నా చేతులతో ప్లాను గీసి, 4 అంగుళాల స్లాబు, 9 అంగుళాల గోడలు, పడమటికి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టి కొత్త ఇల్లు కట్టించాను. ఊరంతా వచ్చి మెచ్చుకున్నారు. మొదటి ఎండాకాలం అమ్మ ఫోనులో ఒక్క మాటే అన్నది: "పగలు లోపల ఉండలేము, రాత్రి మిద్దెక్కితే స్లాబు కాళ్ళు కాలుస్తాంది నాయనా. ఆ గవాచి గాలే బాగుండె."

అప్పటికి నాకు అర్థం కాలేదు. ఏసీ పెట్టించాను. అర్థమైంది కువైట్‌లోనే. 2011లో అక్కడ అల్ హమ్రా టవర్ పూర్తయింది. 400 మీటర్లు దాటిన భవనం. జిన్‌మావ్ గీసిన సంస్థే దీన్నీ గీసింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు పనికి పోతూ వస్తూ రోజూ దాన్ని చూసేవాళ్ళు. మూడు వైపులా అద్దం. ఎండ దంచే దక్షిణం వైపు మాత్రం అద్దం లేదు. పై నుంచి కింది దాకా మెలి తిరిగిన మందమైన కాంక్రీటు గోడ, దానికి సున్నపురాయి తొడుగు, అక్కడక్కడా లోతుగా తొలిచిన చిన్న కిటికీలు. ఆ గోడ కింద ఒక సాయంత్రం నిలబడి, పైకి చూస్తూ, సారు ప్రశ్న వేసుకున్నాను. ఆ గోడను తీసేస్తే ఏమవుతుంది? భవనం లోపల మనుషులు ఉడికిపోతారు, చల్లబరిచే యంత్రాలు చాలవు. మందమైన గోడ, చిన్న కిటికీ, సున్నపురాయి. మా జేజినాయన మిద్దె అది. నేను పడగొట్టించినది.

ఆ మిద్దె ఎట్లా పని చేసేదో ఇప్పుడు చెప్పగలను. పగటి వేడి మందమైన రాతిలోకీ మన్నులోకీ దిగుతూ, లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. పగలు లోపల చల్లగా ఉండేది అందుకే. రాత్రి లోపల వెచ్చబడేసరికి మనుషులు మిద్దె మీదికి పడకలు ఎత్తుకునేవాళ్ళు. చౌడు పైపొర తొందరగా చల్లారుతుంది. గవాచి వేడి గాలిని పైకి తోసి, తొట్టిలో నుంచి గాలిని లాగేది. పగలు ఒక చోట, రాత్రి ఒక చోట ఉండే మనుషుల అలవాటు కూడా ఆ ఇంటి ప్లానులో భాగమే. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్ళో, ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేలలో, ఆ మన్ను కప్పు చాలినంత కప్పే. రంగుల షీట్లూ అద్దాలూ తొడుక్కొని కడపలో, కర్నూలులో ఇప్పుడు లేస్తున్న భవనాలకు ఇందులో ఒక్క సంగతీ తెలియదు. బేతంచెర్ల బండలూ కడప నల్లరాయీ దక్షిణ దేశమంతా వంటగట్ల మీదికి పోతున్నాయి. మన సొంత గోడకు మాత్రం మనం వాటిని ఎండకు అడ్డం పెట్టడం మానేశాం.

మన సీమకు వంద అంతస్తులు రావచ్చు, రాకపోవచ్చు. పది అంతస్తులు మాత్రం తప్పకుండా వస్తాయి, వస్తున్నాయి. వాటి పడమటి గోడ ఎట్లా ఉండాలి, నడిమధ్యన గవాచి ఎక్కడ పెట్టాలి, చూరు ఎన్ని అడుగులు ముందుకు రావాలి అన్న లెక్క చెప్పే గ్రంథం మనకు లేదు. ఆ గ్రంథం ఇంకా నిలబడి ఉన్న కొన్ని మిద్దెల్లో, వాటిని కట్టి ఇప్పుడు జగిలి మీద కూర్చొని ఉన్న ముసలి మేస్త్రీల నోట్లో ఉంది. జమ్మలమడుగులో, బనగానపల్లెలో, పత్తికొండలో ప్రతి నెలా ఒకటో రెండో మిద్దెలు జేసీబీ కింద పోతున్నాయి.

అందుకని రెండు మనవులు. మొదటిది ఇంటి పెద్దలకు. పాత మిద్దెను పడగొట్టవద్దని నేను చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. పడగొట్టే ముందు ఒక్క రోజు ఈ సివిల్ విద్యార్థులను లోపలికి రానివ్వండి.

రెండోది వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ సివిల్ విద్యార్థులకు, మీకు. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కో మిద్దెను కొలవండి. గోడ మందం, కప్పు మీది మన్ను మందం, దంతెల ఎడం, గవాచి కొలత, వాకిలి ఏ దిక్కుకుందో, మధ్యాహ్నం రెండు గంటలకు లోపల ఎంత వేడి, బయట ఎంత వేడి, అన్నీ రాయండి. కట్టిన మేస్త్రీ ఉంటే ఆయన పక్కన కూర్చొని, ఏ కొయ్యను ఏమంటాడో ఆ మాటే రాసుకోండి, మన పాఠ్యపుస్తకం మాట రాయొద్దు. ఆ కాగితాలు కళాశాల గ్రంథాలయంలో సారు నోటు పుస్తకాల పక్కన పెడదాం. సారు టేపు ఆయన కుటుంబం వాళ్ళు తెచ్చారు, ఈ బల్ల మీదే ఉంది. సభ అయిపోగానే వచ్చి, మీ పేరు, మీ ఊరు, కొలవబోయే మిద్దె ఎవరిదో బల్ల మీది ఈ పుస్తకంలో రాసి వెళ్ళండి.